తీరగ్రామముల యెడ మన ఋణము

సముద్రుడు చెలియలికట్ట దాటడని మన పెద్దలు నమ్మిరి. మర్యాద తప్పని మహాపురుషుని వర్ణింపవలసి వచ్చినప్పుడెల్ల మన కవులు సముద్రునే యుపమానముగా గైకొనిరి. కాకినాడకు ఉత్తరమున నున్న ఉప్పాడ తీరమున నిలుచుండి చూచినవారికి ఆ యుపమానము నేడు చెల్లదని తోచకమానదు. అచ్చట కడలి యేటేటను ఊరిమీదికి జరుగుచున్నది. ఇండ్లు కూలినవి. కొబ్బరిచెట్లు వేళ్ళతోగూడ ఒరిగినవి. కాకినాడనుండి ఉప్పాడకు బోవు తీరపుబాట పెద్ద తుఫాను వచ్చినప్పుడెల్ల తెగుచు, బాగుచేయబడుచు, మరల తెగుచున్నది. తన జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపును బడసిన యూరు, ఆ గుర్తింపునకు ఆధారమైన భూమినే కోల్పోవుచున్నది.

దీనిని దైవఘటనమని నిట్టూర్చి యూరకుండుట సులభము. మా యభిప్రాయము వేఱు. ఈ కోతలో దైవము పాలెంతయో మేము చెప్పజాలము. మనుష్యుల పాలు మాత్రము లెక్కకు దొరకుచున్నది. అందు లోనాటి రైతులయొక్కయు పట్టణవాసులయొక్కయు వంతు స్వల్పము గాదు. తీరవాసి పొందుచున్న నష్టము పెక్కుచోట్ల మనము పొందిన లాభమునకు మారుమొగము. కావున వారికి మనము చేయునది దానధర్మమని తలపరాదు; అది తీర్చవలసిన ఋణము. ఈ మాటను సహేతుకముగా పాఠకుల యెదుట నుంచుటయే నేటి మా యుద్దేశము.

మొదట సముద్రపు సంగతి. ప్రపంచమునందలి సముద్రమట్టము 1901 మొదలు 2018 వరకు సుమారు 20 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు జానెడు, పెరిగినదని వాతావరణపు మార్పులను విచారించు అంతర్ ప్రభుత్వ సంఘమువారు 2021లో ప్రకటించిన నివేదికయందు తేల్చిరి. 1901–1971 నడుమ ఏటికి సగటున 1.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినది, 2006–2018 నడుమ ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినది. బొగ్గును, చమురును కాల్చుటచే పుట్టిన వాయువులు భూమికి చేరిన వేడిని పోనీయక పట్టి యుంచుచున్నవి. ఆ వేడిలో నధికభాగము సముద్రములోనికే పోవుచున్నది. వేడియెక్కిన నీరు వ్యాకోచించును. 1971 తరువాతి పెరుగుదలలో ఇంచుమించు సగము దీనివలననే కలిగినది. మిగిలినదానిలో పెద్దభాగము కొండలమీది హిమానీనదములును, గ్రీన్‌లాండు అంటార్కిటికాల మంచుపొరలును కరగుటవలన కలిగినది. వాయువులను మిక్కిలి తగ్గించిన పక్షమున ఈ శతాబ్దాంతమునకు సముద్రము 1995–2014 నాటి మట్టముకంటె 28 మొదలు 55 సెంటీమీటర్ల వరకు హెచ్చుననియు, అవి నానాటికి ప్రబలినచో 63 మొదలు 101 సెంటీమీటర్ల వరకు హెచ్చుననియు ఆ సంఘమువారి యంచనా.

జానెడు నీటికి ఇంత భయమేల యని యడుగువారు కలరు. నీరు నిలువున జానెడే యెక్కును గాని, డెల్టావంటి చదునైన నేలమీద అడ్డముగా బహుదూరము ప్రాకును. అదియునుగాక ఉప్పెన వచ్చినప్పుడు పెరిగిన మట్టముమీదినుండి లేచి వచ్చును. 1839లో కోరంగి రేవును ముంచిన యుప్పెన తరువాత ఆ పట్టణము మరల పూర్వవైభవమును గాంచలేదు. 1864లో బందరునందు సుమారు 30,000 మంది నశించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. అట్టి యుప్పెన రేపు వచ్చినచో, అది నాటికంటె ఎత్తైన మెట్టునుండి అడుగు వేయును. ఈ వేడిని పుట్టించినవారిలో అగ్రగణ్యులు నూటయేబది సంవత్సరములుగా బొగ్గుపొగలతో ఐశ్వర్యము గడించిన దేశములవారు. ఉప్పాడ జాలరి తన పడవ యంత్రములో కాల్చిన చమురు ఆ లెక్కలో ఒక చుక్క. చుక్క పోసినవాని యిల్లే ముందుగా మునుగుచున్నది.

ఇంతమాత్రమే యైనచో నేరమంతయు పరదేశములమీద మోపి మనము సుఖముగా నిద్రింపవచ్చును. రెండవ సంగతి మన యింటిది. గోదావరియు కృష్ణయు వేలకొలది సంవత్సరములు ఎగువనుండి మోసికొనివచ్చి పోసిన యొండ్రుమట్టియే మన డెల్టా. నది పోయును, కడలి కోయును. పోత కోతకు మించినన్నినాళ్ళు నేల పెరిగినది. పోత తగ్గిన నాడు కోత గెలుచును. ఆంధ్ర విశ్వవిద్యాలయమునందు ఈ తీరమును పరిశోధించిన ఆచార్య కె. నాగేశ్వరరావుగారును వారి సహచరులును 2010లో ప్రకటించిన వ్యాసమున ఈ లెక్కను తేటతెల్లము చేసిరి. 1970–1979 నడుమ గోదావరి యేటికి సగటున 15 కోట్ల టన్నుల మట్టిని దించుచుండగా, 2000–2006 నాటికి అది 5 కోట్ల 72 లక్షల టన్నులకు దిగజారినది. కృష్ణ సంగతి ఇంకను శోచనీయము. 1966–1969 నాటి 90 లక్షల టన్నులు 2000–2005 నాటికి 4 లక్షలైనవి. 336 కిలోమీటర్ల జంటడెల్టాల తీరమున 1965 మొదలు 2008 వరకు, కలిసివచ్చిన నేలను మినహాయింపగా, 76 చదరపు కిలోమీటర్ల భూమి సముద్రములో గలిసినది. మన రైతుల లెక్కలో చెప్పినచో పద్దెనిమిదివేల యెకరములకు పైమాట. 1990కి పూర్వము ఏటికి 1.39 చదరపు కిలోమీటర్ల చొప్పున పోయిన నేల తరువాతి కాలమున ఏటికి 2 చదరపు కిలోమీటర్లకు మించి పోయినది.

ఆ మట్టి యెక్కడ నిలిచినది? శ్రీశైలము, నాగార్జునసాగరము, శ్రీరామసాగరము, జాయక్వాడి మొదలగు జలాశయముల యడుగున నిలిచినది. నిర్మాణమందున్న పోలవరము పూర్తియైనచో గోదావరి మట్టికి మరియొక నిలుపుచోటు ఏర్పడును. మేము ఆనకట్టలను దూషించువారము గాము. 1833 నాటి డొక్కల కరవును, 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి సీమ పొందిన కలిమిని ఎరిగినవారెవ్వరును వానిని దూషింపజాలరు. ఆ నీటితోనే మన మాగాణులు పండినవి, పట్టణములకు త్రాగునీరు వచ్చినది, దీపములు వెలిగినవి. కాని ఆ లాభపు చిట్టాలో ఖర్చు పద్దు ఒకటి వ్రాయక విడువబడినది. మొగవద్ద గుడిసెలో నివసించు కుటుంబము ఆ పద్దును నేలరూపమున చెల్లించుచున్నది.

మూడవది రేవుల సంగతి. మన తీరమున అలలతోడి యిసుక ఏడాది మొత్తముమీద దక్షిణమునుండి ఉత్తరమునకు నడచును. రేవు కొఱకు కడలిలోనికి అడ్డుగట్టు కట్టినచో దక్షిణమున ఇసుక మేటవేయును. ఉత్తరమున ఇసుక చాలక తీరము తెగును. విశాఖపట్టణమున రేవు త్రవ్వకములలో వచ్చిన యిసుకను తెచ్చి పట్టణపు తీరమున పోయుచుండుట ఈ లోటును పూడ్చుటకే. ఉప్పాడకు దక్షిణమున కాకినాడ రేవును, రేవునకు కవచమువలె నిలిచిన హోప్ దీవియను ఇసుకతిన్నెయు గలవు. తిన్నె పెరుగుటయు, రేవుకట్టడములును అచ్చటి అలల నడకను, ఇసుక నడకను మార్చినవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. విశాఖ పట్టణవాసుల విహారతీరమునకు ఇసుక పోయుటకు మనకు ద్రవ్యము దొరకినది. ఉప్పాడ జాలరి వలలు ఆరబెట్టుకొను తీరమునకు అట్టి నిత్యోపచారము దొరకినదా? ఈ ప్రశ్నకు సమాధానము ఆ తీరపుబాటయే చెప్పుచున్నది.

ఇచ్చట ఒక యాక్షేపణను విచారింపవలెను. తీరమంతయు కోతపడుటలేదు, కొన్నిచోట్ల నేల పెరుగుచున్నది గదా యని కొందఱందురు. నిజమే. జాతీయ తీరపరిశోధన కేంద్రమువారు 1990–2018 నడిమి యుపగ్రహచిత్రములను పరిశీలించి, ఆంధ్రతీరమున వందకు 28 పాళ్ళకు పైగా కోతపడుచున్నదనియు, ఇంచుమించు సగము మేటవేయుచున్నదనియు తేల్చిరి. కాని ఒకచోట మేటవేసిన యిసుక మరియొకచోట ఇల్లు పోయినవానికి ఇల్లగునా? మేట భూమి సర్కారు భూమి. కోతపడిన భూమి కాపురమున్నవాని భూమి. రెంటిని కలిపి సరాసరి తీయుట గణితమున చెల్లును గాని న్యాయమున చెల్లదు.

గోడలు కట్టినచో చాలునని మరికొందఱి వాదము. ఉప్పాడవద్ద ఇసుక నింపిన పెద్ద గుడ్డతిత్తులను పేర్చి అడ్డుకట్ట వేసిరి, రాళ్ళు పోసిరి. తుఫానులు తిత్తులను చించినవి, రాళ్ళను దొర్లించినవి. గోడ కట్టరాదని మేము చెప్పము. పట్టణములకును, రేవులకును, విడువరాని కట్టడములకును గోడ అవసరమే. అయితే గోడ తన వెనుక నున్నదానిని కొన్నాళ్ళు కాపాడి, కోతను తన కొనకు ఉత్తరముననున్న యూరిమీదికి పంపును. అడ్డుగోడ యెదుట అలల తాకిడికి ఇసుకయు కొట్టుకొనిపోవును. పడవ లాగుకొనుటకు చోటు మిగులదు. మడ అడవుల గుణము వేఱు. అవి అలల యుద్ధృతిని తగ్గించి ఒండ్రును పట్టి నిలుపును, చేపపిల్లలకు పుట్టినిల్లగును. 1978లో ఏర్పడిన కోరంగి యభయారణ్యము 235 చదరపు కిలోమీటర్ల మేర యీ పని చేయుచున్నది. కాసుల కొఱకు మడచెట్లను నరికి రొయ్యలచెరువులు త్రవ్వినచోట్ల మనము కట్టిన గోడను మనమే పడగొట్టుకొన్నట్లయినది.

మా పాఠకులలో భూవసతి గలవారు ఇది జాలరిపల్లెల బాధయని తలంచి పుట త్రిప్పవలదు. కడలి పొలముమీదికి అలలతోనే రానక్కరలేదు. మురుగుకాలువల వెంట వచ్చును. డెల్టాలో మురుగు సముద్రములోనికి దిగవలెనన్నచో సముద్రము పల్లమున నుండవలెను. మట్టము హెచ్చినకొలది, మొగలు పూడినకొలది, వాననీరు దిగక చేలలో నిలుచును. పోటునీరు ఎగదన్ని ఉప్పును వెంటబెట్టుకొని వచ్చును. 2011లో కోనసీమ రైతులు సార్వా విడిచి పంట విరామము ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతోబాటు మురుగుపారుదల లోపమును గూర్చియు మొఱపెట్టిరి. రాజోలు ప్రాంతమున శంకరగుప్తము మురుగుకాలువ వెంట ఉప్పునీరు చొచ్చి కొబ్బరితోటలు మోడువారిన దుఃస్థితి 2025లో రాష్ట్రమంతటికిని తెలిసినది. నేడు జాలరి గడపలో నున్న నీరు రేపు కౌలుదారు చేనిలోను, ఎల్లుండి భూస్వామి తోటలోను నుండును. పొరుగువాని గోడ అంటుకొన్నప్పుడు మన చూరును తడుపుకొనుట వివేకము. పొరుగువాని మంటను ఆర్పుట అంతకంటె వివేకము.

ఇక శాసనముల సంగతి. తుఫానులో ఒక్క రాత్రి ఇల్లు కూలినవానికి సర్కారు సహాయము గలదు. పదియేండ్లపాటు గజము వెంబడి గజముగా నేల పోయి, కట్టకడపట ఒక నాటి పున్నమిపోటున ఇల్లు జారినవానికి ఆ సహాయము నిశ్చయము గాదు. జాతీయ విపత్తుసహాయపు పట్టికలో తుఫాను, వరద, భూకంపము, సునామీ మొదలగునవి చేరినవి. మెల్లగా సాగు కడలికోతకు అట్టి స్థానము లభింపక ఎంతో కాలము గడచినది. పదునైదవ ఆర్థికసంఘమువారు ఈ లోపమును గుర్తించి, 2021–2026 కాలమునకు కోతను అరికట్టుటకు 1,500 కోట్ల రూపాయలును, కోతవలన నిర్వాసితులైనవారిని వేఱుచోట నిలుపుటకు 1,000 కోట్ల రూపాయలును ప్రత్యేకింపవలెనని సిఫారసు చేసిరి. ఈ సొమ్ము నదికోతకును, కడలికోతకును కలిపి దేశమంతటికిని ఉద్దేశింపబడినది. ఇది చాలునని మేమనము. కోతకు గురియైనవాడును సహాయార్హుడేయను సూత్రము మాత్రము దీనివలన స్థిరపడినది. ఆ సూత్రమును విడువక పట్టుకొనవలెను.

మరియొక శాసనపు నడక ఇందుకు విపరీతముగా నున్నది. తీరమున కట్టడములను నియంత్రించు ప్రకటనము మొదట 1991లో వెలువడినది. 2019లో వెలువడిన ప్రకటనమున, జనసమ్మర్దము గల పల్లెసీమలలో కట్టడములు నిషేధింపబడిన మేర 200 మీటర్లనుండి 50 మీటర్లకు తగ్గింపబడినది. సముద్రము ముందునకు వచ్చుచుండగా శాసనము వెనుకకు తగ్గినది! జాలరి తన యిల్లు బాగుచేసికొనుటకు సడలింపు కావలయుననుట న్యాయమే. ఆ సడలింపు చాటున విశ్రాంతిభవనములు లేచి, వలలు ఆరవేయు నేల ప్రహరీగోడల వెనుకకు పోవుట న్యాయము గాదు.

ఊరిని తరలించుటయే గతియైన చోట ఎట్లు తరలింపవలెను? మన పొరుగున ఓఢ్రదేశమున కేంద్రపడ జిల్లాలోని సతభాయ గ్రామముల చరిత్ర మనకు పాఠము. ఆ గ్రామములలో పెక్కింటిని కడలి మ్రింగగా, మిగిలినవారిలో 571 కుటుంబములను ప్రభుత్వమువారు బగపాటియాయను చోటికి తరలించిరి. ఇండ్లస్థలములు దొరకినవి. కాని చేపకును పొలమునకును దూరమైన చోట పని దొరకక పలువురు కూలికై పరరాష్ట్రములకు పోవలసివచ్చినది. అదే రాష్ట్రమున గంజాము జిల్లాలోని పోడంపేట మన తెలుగు జాలరుల పల్లె. దానిని కడలి చాలవరకు కబళించినది. ఇల్లు వేఱు, బ్రతుకు వేఱు. తెప్ప కనబడని చోట జాలరికి మేడ కట్టియిచ్చినను అది సత్రమే. ఒడ్డున చేపలు ఎండబెట్టి సంతకు మోయు స్త్రీల సంపాదన లెక్కలోనికి రానిచో తరలింపు సగము కుటుంబమునే తరలించినట్లగును.

కావున మేము కోరునది ఇది. కడలికోతను తుఫానుతో సమానమైన విపత్తుగా గుర్తించి, పోయిన ఇంటికిని స్థలమునకును పరిహారము ఇచ్చు పద్ధతిని శాశ్వతముగా ఏర్పరుపవలెను. పట్టా లేదన్న నెపమున తరతరములుగా కాపురమున్నవారిని త్రోసివేయరాదు. తీరమున గ్రామగ్రామమునకును కోత రేఖను గుర్తించి, తెలుగున వ్రాసి పంచాయితీ కచ్చేరిలో కట్టవలెను. తరలింపవలసిన యూళ్ళకు తుఫాను రాకపూర్వమే, వారి సమ్మతితో, కడలికి నడకదూరమున మెరకనేలను సేకరింపవలెను; పడవరేవును, ఆరబెట్టు నేలను వారి యుమ్మడి హక్కుగా వ్రాసియివ్వవలెను. క్రొత్త రేవు కట్టువారిచేత, ఉత్తరపు తీరమునకు లోపించు నిసుకను ఏటేట పోయించు బాధ్యతను ఒడంబడికలోనే వ్రాయింపవలెను. జలాశయములనుండి మట్టిని దిగువకు విడుచు ఉపాయములను ఇంజనీర్లు విచారింపవలెను. మురుగుకాలువల మొగలయందు పోటునీటిని ఆపు తలుపులను బాగుచేయవలెను. మడ అడవిని నరికి త్రవ్విన చెరువులను మరల మడకు విడిపింపవలెను.

ఇందుకు ద్రవ్యమెక్కడిదని యడుగుదురు. ఆనకట్ట నీటికిని, రేవు సుంకమునకును, చమురు సహజవాయువుల రాబడికిని ఈ తీరమే మూలము లేక ద్వారము. ఆ రాబడిలో ఒక చిన్నపాలు తీరగ్రామములకని ప్రత్యేకించుట అసాధ్యము గాదు. సంకల్పమున్నచో సాధ్యమగునని దివిసీమ తరువాతి చరిత్రయే చెప్పుచున్నది. 1977లో హెచ్చరిక చేరక, ఎక్కుటకు మెరక లేక వేలకొలది జనము నశించిరి. తరువాత తుఫాను ఆశ్రయములు లేచినవి, ముందస్తు హెచ్చరికలు పల్లెలకు చేరినవి, జనమును ముందుగానే తరలించు నలవాటు స్థిరపడినది. తుఫానులు వచ్చినను మునుపటివలె వేలకొలది ప్రాణములు పోవుటలేదు. ఒక్క రాత్రి వచ్చు మృత్యువును ఎదుర్కొనుట నేర్చిన ప్రభుత్వము, దినదినము వచ్చు నష్టమును ఎదుర్కొనుట నేర్వలేదా?

చివరకు మా పాఠకులకు ఒక్కమాట. తీరవాసులలో పెద్దకచ్చేరులకు పోయి వాదింపగలవారు కొద్దిమంది. శాసనసభలయందును, జిల్లాసభలయందును, పత్రికలయందును నోరుగలవారము మనము. రేవు ప్రారంభోత్సవమునకు పోవునప్పుడు దానికి ఉత్తరమున ఏ యూరున్నదని యడుగుడు. నీటిసంఘపు సమావేశమున కాలువ తలను గూర్చి మాటాడునప్పుడు మురుగు మొగను గూర్చియు మాటాడుడు. ఓటు కోరి వచ్చినవారిని, తీరగ్రామములలో ఎన్ని కుటుంబములకు మెరకను చూపితిరని నిలదీయుడు. నది మట్టిని మనయొద్ద నిలుపుకొని నీటిని త్రాగినవారము మనము. మట్టి చేరక కరగిపోవుచున్నవారు వారు. ఈ లెక్క తెలిసిన తరువాతను తెలియనట్లు నటించుట మర్యాదగల జనులకు తగదు.